కీర ముక్కలూ, కేకు ముక్కా

నర్మదకు వంట రాదని ఊళ్లో అందరికీ తెలుసు. కల్వకుర్తి దగ్గర వాళ్ల ఊరు. తండ్రి బుగ్గయ్య తాపీ పని చేస్తూ ఏడాదిలో ఎనిమిది నెలలు హైదరాబాద్‌లోనే ఉండేవాడు. తల్లి కూలికి పోయేది. పొయ్యి దగ్గర కూర్చోవాల్సింది నర్మదే అయినా, పుస్తకం పట్టుకుందంటే ఆ పిల్లకు అన్నం మాడిన వాసన కూడా తెలిసేది కాదు. బుగ్గయ్య ఊరికి వచ్చినప్పుడల్లా ఆమెను పొయ్యి ముందు నుంచి లేపేసేవాడు. వంట ఎప్పుడైనా వస్తుంది, చదువు ఇప్పుడే రావాలి అనేవాడు.

అలా లేచిన పిల్ల డిగ్రీ పూర్తి చేసి, గ్రూప్స్ పరీక్షలకు చదవడానికి హైదరాబాద్ అశోక్‌నగర్ వచ్చింది. వచ్చినప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఇరవై తొమ్మిది. ఈ ఐదేళ్లలో మూడు హాస్టళ్లు మారింది. రెండుసార్లు కొద్దిలో ఉద్యోగం తప్పిపోయింది. హాస్టల్ కూరలకు కడుపులో మంట పట్టుకుంటే, చివరికి చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి మేడ మీద చిన్న గది కిరాయికి తీసుకుంది. లైబ్రరీకి నడిచిపోవచ్చు, అది చాలనుకుంది.

కింది ఇంట్లో ఓనర్లు ముగ్గురు. రమాకాంత్, ఆయన భార్య జ్యోత్స్న, ఆయన తల్లి కిష్టమ్మ. భార్యాభర్తలిద్దరూ పొద్దున ఎనిమిదింటికి ఆఫీసులకు పోతే చీకటి పడ్డాకే తిరిగి రావడం. పగలంతా కిష్టమ్మ ఒక్కతే. ఆమెకు అరవై ఏడేళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. ఆ ఏడు ఎండాకాలంలో షుగర్ బాగా పెరిగిందని డాక్టరు మాత్ర మార్చి, ఏం తినాలో రాసిన చార్టు ఒకటి ఇచ్చాడు. చార్టు ఇంగ్లీషులో ఉంది. కిష్టమ్మకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు.

రమాకాంత్ ఒక ఆదివారం మేడ మీదికి వచ్చి నర్మదను అడిగాడు. మధ్యాహ్నం ఒక్క పూట చార్టులో ఉన్నట్టు అమ్మకు సలాడ్ చేసి పెట్టగలదా, తను కూడా కిందే తినవచ్చు, కూరగాయలన్నీ ఫ్రిజ్‌లో ఉంటాయి అన్నాడు. వంట రాదని చెప్పబోయింది నర్మద. సలాడ్ అంటే పొయ్యి వెలిగించే పని లేదు కదా అని గుర్తొచ్చి ఆగిపోయింది. సరేనంది.

మొదటి రోజు కీరదోస, టమాటా, క్యారెట్ సన్నగా తరిగింది. మొలకెత్తిన పెసలు వేసింది. నిమ్మకాయ పిండి, ఉప్పు, మిరియాల పొడి చల్లి కిష్టమ్మ ముందు పెట్టింది. కిష్టమ్మ గిన్నెను కాసేపు చూసి, నర్మదను చూసింది.

"గిది కచుంబరే గదా బిడ్డా. బిర్యానీ పక్కకు పెడతరు. బిర్యానీ ఏది?"

ఇదే భోజనమని నర్మద చెప్పింది. కిష్టమ్మ నమ్మలేదు. చార్టు తెప్పించి, అర్థం కాకపోయినా వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. తర్వాత తిన్నది. పొద్దున జ్యోత్స్న చేసి పెట్టిపోయిన రెండు పుల్కాలను మాత్రం సలాడ్ కంటే ముందే తినేసింది.

నర్మదకు ఆ పూట చదువు సాగలేదు. ఇద్దరికీ నచ్చేలా దీన్ని ఎలా చేయాలన్నది బుర్రలో తిరుగుతూనే ఉంది. మర్నాడు నారాయణగూడ మార్కెట్‌కు పోయి దానిమ్మ, లేత మునగాకు, పుదీనా తెచ్చింది. వేయించిన పల్లీలు దంచి చల్లింది. ఇంకో రోజు ఉడికించిన అలసందలు, మామిడి కోరు. మరో రోజు పెరుగులో కీర తురుము, పైన జీలకర్ర పొడి. ఏది బాగుందో కిష్టమ్మ చెప్పేది కాదు. గిన్నె ఖాళీ అయితే బాగున్నట్టు, మిగిలితే లేనట్టు. కానీ ఒక్కోసారి అలసందలు మిగిలేవి, ఒక్కోసారి అవే ఖాళీ. ఆమె మనసు ఏమిటో నర్మదకు అంతు పట్టేది కాదు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం కిష్టమ్మ నర్మదను వంటింట్లోకి పిలిచి, అటక కింద ఉన్న ఓవెన్ చూపించింది. లాక్‌డౌన్ రోజుల్లో జ్యోత్స్న ముచ్చటపడి కొన్నది. రెండు నెలలు వాడి వదిలేసింది. ఇప్పుడు అందులో పప్పుల డబ్బాలు పెడుతున్నారు.

"దీంట్ల కేక్ చేస్తుండె నా కోడలు. ఒక్కసారి చేసి పెడతవా? జర ముక్కనే."

చార్టులో కేకు లేదని నర్మద చెప్పింది. అది తనకూ తెలుసునన్నది కిష్టమ్మ. ఎప్పుడూ ఏదీ నోరు తెరిచి అడగని మనిషి అలా అడిగేసరికి నర్మదకు ఏం చేయాలో తోచలేదు. రమాకాంత్‌కు చెప్పి చేయాలా, చెప్పకుండా చేయాలా, అసలు చేయకూడదా? మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు పప్పుల డబ్బాలు బయట పెట్టి, ఓవెన్ తుడిచింది.

చక్కెర వద్దనుకుంది. బాగా మగ్గి తోలు నల్లబడిన అరటిపండ్లు, గోధుమపిండి, కొంచెం బెల్లం, రెండు కోడిగుడ్లు, వెన్న. ఫోన్‌లో చూసిన వీడియోలో అన్నీ కప్పుల్లో చెప్పారు. ఆ ఇంట్లో ఐదు కప్పులుంటే ఐదూ ఐదు సైజులు. ఒకటి పట్టుకుని దానితోనే కొలిచింది. మొదటిసారి పైన మాడి, లోపల పచ్చిగా ఉండిపోయింది. అయినా కిష్టమ్మ చుట్టూ ఉన్న అంచంతా తినేసింది. రెండోసారి ఓవెన్ వేడి తగ్గించి, ఎక్కువసేపు ఉంచింది. ఈసారి కేకు పొంగింది. వాసనకు నర్మదే ఆశ్చర్యపోయింది. తన చేత్తో ఇంత మంచి వాసన వచ్చే వస్తువు ఇంతకుముందు ఏదీ తయారవలేదు.

అప్పటి నుంచి ప్రతి గురువారం ఒక చిన్న కేకు. కిష్టమ్మకు ఒక ముక్క, నర్మదకు ఒక ముక్క, మిగిలింది లైబ్రరీలో తోటి వాళ్లకు. రమాకాంత్‌కు తెలియదు. నర్మదకు లోపల బెరుకుగానే ఉండేది. అందుకే ఒకరోజు కిష్టమ్మకు గట్టిగానే చెప్పింది.

"అమ్మా, కేక్ తినాలంటే ఇంకేదన్న తగ్గించాలె. రెండూ తింటే షుగర్ పెరుగుతది."

కిష్టమ్మ తల ఊపింది.

రెండు గురువారాలు గడిచాయి. మూడో గురువారం పదకొండున్నరకు నర్మద కిందికి వచ్చేసరికి కిష్టమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ముఖం నిండా చెమట. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే చూస్తోంది కానీ పోల్చుకుంటున్నట్టు లేదు. కరెంటు పోయిందా అని అడిగింది. ఫ్యాన్ నెత్తి మీదే తిరుగుతోంది.

షుగర్ పెరిగిపోయింది, తన కేకు వల్లే పెరిగింది అనుకుంది నర్మద. మొదట చేసిన పని, పొద్దున తనే వచ్చి చేసి బల్ల మీద చల్లారబెట్టి పోయిన కేకును తీసుకుపోయి అలమరలో పెట్టడం. ఎందుకు పెట్టిందో తర్వాత ఎంత ఆలోచించినా తనకే తెలియలేదు. రమాకాంత్‌కు ఫోన్ చేసింది, ఎత్తలేదు. జ్యోత్స్న ఫోన్ బిజీ. క్లోమ గ్రంథి, ఇన్సులిన్, గ్లూకగాన్, ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. జనరల్ సైన్స్‌లో ఎన్నోసార్లు రాసిన జవాబులే. కానీ ఎదురుగా చెమటలు కక్కుతున్న మనిషికి ఏం చేయాలో ఆ జవాబుల్లో దొరకలేదు.

"తీపి," అన్నది కిష్టమ్మ. "జర తీపి ఇయ్యి."

ఈ పరిస్థితిలో కూడా తీపే అడుగుతోందా అని నర్మదకు ఏడుపొచ్చింది. ఇవ్వనని చెప్పి వీధిలోకి పరిగెత్తింది. రెండిళ్ల అవతల అవినాష్ మెడికల్ షాపు. కిష్టమ్మకు మందులిచ్చేది అతనే. నర్మద చెప్పింది సగం విని లేచాడు.

"చెమటలు పడుతున్నయా? ఒళ్లు చల్లగున్నదా?"

"చల్లగనే ఉన్నది అన్నా."

"అయితే పెరగలే, పడిపోయింది. నడువు, గ్లూకోజ్ తాపుదాం."

మెషీన్ తెచ్చి వేలి మీద చూస్తే షుగర్ యాభై కూడా లేదు. గ్లూకోజ్ కలిపిన నీళ్లు చెంచాతో తాగించారు. పది నిమిషాలకు చేతుల వణుకు తగ్గింది. ఇంకాసేపటికి కిష్టమ్మ నర్మదను పేరు పెట్టి పిలిచింది. ముందు ఏమైనా తినిపించి, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని అవినాష్ చెప్పాడు. నర్మద రెండు పుల్కాలు, పప్పు తినిపించి ఆటో పిలిచింది.

ఆటోలో అసలు సంగతి బయటపడింది. పొద్దున మాత్ర వేసుకున్నావా అని అడిగితే వేసుకున్నానంది. టిఫిన్ ఏం తిన్నావంటే రోడ్డు వైపు చూసింది. గుచ్చి గుచ్చి అడిగాక చెప్పింది. కేకు తినాలంటే ఏదో ఒకటి తగ్గించాలని నర్మదే అన్నది కదా. అందుకని గురువారం పొద్దున కోడలు చేసిన ఉప్మా మానేసింది. బుధవారం రాత్రి కూడా కీర ముక్కలు తప్ప ఏమీ తినలేదు.

నర్మద ఆలోచనలో పడింది. తను చెప్పింది తప్పా? చెప్పింది సగమే, తప్పు అదేనా? కేకు పెట్టడం తప్పా, తగ్గించమనడం తప్పా? కేకు మనిషిని పడేయలేదు. కేకు కోసం మానేసిన ఉప్మా పడేసింది.

సాయంత్రం రమాకాంత్ వచ్చాడు. నర్మద అతను అడగకముందే అన్నీ చెప్పింది, కేకు అలమరలో దాచిన సంగతితో సహా. గది ఖాళీ చేయమంటాడని అనుకుంది. పెట్టెలో పుస్తకాలు సర్దడం కూడా మొదలుపెట్టే వచ్చింది. రమాకాంత్‌కు కోపం వచ్చినట్టే ఉంది, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియనట్టు తల్లినీ నర్మదనూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వు నాకు చెప్పాల్సింది," అన్నాడు చివరికి. "మా అమ్మ కూడా చెప్పాల్సింది. అసలు నేను కూడా ఎన్నడన్న అడగాల్సింది."

గది ఖాళీ చేయమనలేదు. మర్నాడు అతనే నర్మదను కూడా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె నోట్‌బుక్ తెరిచి గంటసేపు అడిగింది. మాత్ర ముందా, తిండి ముందా. ఒక్క పూట మానేస్తే ఏమవుతుంది. బెల్లానికీ చక్కెరకూ తేడా ఉందా. తేడా పెద్దగా లేదని డాక్టరు అనేసరికి ఆమె రాయడం ఆపేసింది. చక్కెర మానేసి బెల్లం వేస్తున్నానని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉండింది మరి. చిన్న ముక్క భోజనంతో పాటు ఎప్పుడో ఒకసారి పరవాలేదు, పూట మాత్రం తప్పకూడదు అన్నాడు. నర్మద చార్టును తెలుగులోకి రాసి, పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటించింది. పక్కింటి ఈదయ్య గారు చూసి తనకూ ఒకటి రాసిమ్మన్నారు. ఆయనకూ షుగరే. ఆ తర్వాత ఆయన భార్య వచ్చి, సలాడ్ కూడా చేసి పంపుతావా అని అడిగింది.

ఆ ఏడాది చివర్లో పరీక్ష జరిగింది. నర్మద బాగానే రాసింది. ఫలితాలు వచ్చాక చూస్తే మళ్లీ కొద్దిలోనే తప్పింది. ఈసారి ఏడవలేదు. ఏడవనందుకు తనే కంగారు పడింది. అప్పటికి ఆ గల్లీలో ఐదిళ్లకు మధ్యాహ్నం సలాడ్ డబ్బాలు పంపుతోంది. అందరూ షుగరో బీపీయో ఉన్న పెద్దవాళ్లే. ఆదివారాలు హాస్టల్ పిల్లల పుట్టినరోజులకు కేకులు చేస్తోంది. వాటిలో మాత్రం వెన్న, చక్కెర, చాక్లెట్ అన్నీ ధారాళంగా వేస్తుంది.

ఒకరోజు బుగ్గయ్య చూడటానికి వచ్చాడు. కిష్టమ్మ వంటింట్లో ఒకవైపు కీర ముక్కల గిన్నెలు, ఇంకోవైపు ఓవెన్‌లో కేకు, కిటికీలో ఇండియన్ పాలిటీ పుస్తకం. అన్నీ తిరిగి చూశాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా ఇప్పుడు? చదువా, గిదా?"

"తెల్వది నాయినా."

ఆమె గిన్నె ముందు పెడితే బుగ్గయ్య కింద కూర్చున్నాడు. మొలకలను వేలితో అటూ ఇటూ జరిపి, వండటం మరిచిపోయావా అని అడిగాడు. ఇది వండేది కాదని చెప్పి, నర్మద తన గిన్నె తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది.