టేబుల్ లైటు మెడకు కట్టిన ఇయర్‌ఫోన్

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న భయంతో మాలాంటి వాళ్లను గుంపులు గుంపులుగా సింగపూర్‌కు రప్పించిన రోజులవి. నేను చోవా చూ కాంగ్‌లో ఒక ఫ్లాటులో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన ప్రోగ్రాముల్లో తేదీ కనిపించిన చోటల్లా దిద్దడం నా ఉద్యోగం. శనివారానికి కళ్లు మండేవి. ఆదివారం ఎవరైనా కంప్యూటర్ మాటెత్తితే ఏడుపొచ్చేది.

అలాంటి ఒక ఆదివారం మార్కెట్లో కొత్తిమీర ఏరుకుంటూ నాలో నేను ఏదో గొణుక్కుంటుంటే, పక్కనున్నావిడ నా వైపు తిరిగింది.

"తెలుగేనా బేటీ? ఏం పని చేస్తవ్?"

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది.

"మా ఇంట్ల ఒక కంప్యూటరున్నది. బొమ్మొస్తది గాని చప్పుడొస్తలేదు. జర చూస్తవా?"

ఆవిడది హైదరాబాద్. మా పక్క బ్లాకే. ఐదు నిమిషాల పని అనుకుని వెళ్లాను.

ఆవిడ భర్త చక్రాల కుర్చీలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. ఒక ఓడల యార్డులో ఇంజనీరుగా చేసేవారట. మూడేళ్ల కిందట పరంజా మీది చెక్క జారి పడ్డారు. మెడ దగ్గర వెన్ను దెబ్బతింది. భుజాలు, మోచేతులు కొంచెం కదులుతాయి కానీ వేళ్లు ముడుచుకునే ఉంటాయి. అరచేతికి పట్టీతో పుల్ల కట్టించుకుని ఒక్కో అక్షరమే నొక్కేవారు. కంప్యూటర్ ఏదో ఆఫీసు వాళ్లు వదిలించుకున్నది. విప్పి చూస్తే అందులో సౌండ్ కార్డే లేదు.

మరుసటి ఆదివారం పాత సామాన్ల దుకాణంలో ఒక కార్డు, ఒక జత స్పీకర్లు దొరికాయి. చప్పుడు వచ్చింది. ఆంటీ సంబరంగా టీ పెట్టడానికి వెళ్లింది. అంకుల్ మొహంలో మాత్రం మార్పు లేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అన్నారు.

"స్పీకర్లు కాదు బేటా. నేను ఫోన్ మాట్లాడాలె. ఒక్కణ్ణే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మూడేండ్ల సంది మీ ఆంటీనే రిసీవర్ నా చెవికి పట్టుకుంటది. నేననేది వింటది, అవతలోళ్లు అనేది గూడ వింటది. ఆమె తప్పేం లేదు. పట్టుకునే చెయ్యి నాది గాదు, అంతే."

కంప్యూటర్ నుంచి మామూలు ఫోన్లకు మాట్లాడటం అప్పుడప్పుడే వస్తోంది. ఇలాంటి వాళ్ల కోసమే చేసిన పరికరాలూ ఉన్నాయి కానీ వాటి ధరల కాగితం చూసి మడిచి పెట్టేశాను. మైకు ఉన్న మామూలు హెడ్‌ఫోన్ ఒకటి కొన్నాను. ఆయన తలకు తగిలించి, వచ్చేదాకా మాట్లాడుకోమని చెప్పి, ఆంటీని తీసుకుని కిందికి వెళ్లాను.

మేం తిరిగొచ్చేసరికి అది ఆయన గొంతు మీదికి జారి ఉంది. ఉండుండి ఆయన ఒంట్లో ఒక కుదుపు వచ్చేది. ఆ కుదుపుకే జారింది. తీసుకోలేరు, పెట్టుకోలేరు. ఎంగేజ్ మోత ఆయన గడ్డం కిందే పీ పీ మంటూ ఎంతసేపటి నుంచి వినిపిస్తోందో తెలియదు.

"తియ్యి," అన్నారు.

తర్వాత రెండు ఆదివారాలు వెళ్లలేదు. ఆఫీసులో అలిసిపోయానని నాకు నేనే చెప్పుకున్నాను. అలిసిపోయిన మాట నిజమే, కానీ వెళ్లనిది సిగ్గుతో. చివరికి ఆంటీయే ఫోన్ చేసింది. "అంకుల్ నీకోసం చూస్తున్నడు. కోపం లేదు, రా బేటీ."

వెళ్లేసరికి ఆయన ఆలోచించి పెట్టుకున్నారు.

"మనిషికి తగిలించేది వద్దు. దాన్ని ఒక జాగల నిలబెట్టు. నేనే పోత దాని తానికి. తల ఆనిస్తే వినబడాలె, జరిపితే వదిలిపెట్టాలె."

మా బ్లాకు లిఫ్టు దగ్గర ఎవరో పారేసిన టేబుల్ లైటు ఉంది. ఎటు వంచితే అటు నిలబడే మెడ దానిది. బల్బు తీసేశాను. హెడ్‌ఫోన్‌ను రెండుగా విరిచి, ఒక చెవి ముక్కను దాని కొసకు టేపుతో చుట్టాను. మైకు దాని కిందుగా కట్టాను. ఆయన చెబుతుంటే నేను వంచాను. ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం ఎడమకు. ఒక మీట నొక్కితే నంబరు కలిసేట్టు, ఇంకోటి నొక్కితే తెగేట్టు, మరో రెండింటితో శబ్దం పెరిగి తగ్గేట్టు చేశాను. మూడేళ్ల తర్వాత ఎవరో తన మాట వింటున్నారన్నట్టు ఆయన గొంతులో ఇంజనీరు దర్పం వినిపించింది.

నేనూ ఆంటీ వంటింట్లో కూర్చున్నాం. అంకుల్ గది తలుపు వేసి ఉంది. గొణుగుడు తప్ప మాట తెలియడం లేదు. ఉల్లిపాయ తరుగుతున్న ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎవరితోని?"

"తెలీదు ఆంటీ."

"మూడేండ్లు పట్టుకున్న. భుజం నొప్పి లేస్తున్నా పట్టుకున్న. నాకు తెల్వంది ఏమున్నది ఈయనకు?"

తర్వాత నెలంతా ఆంటీ నాకు టీ ఇచ్చేది కానీ పక్కన కూర్చునేది కాదు. ఆ ఇంట్లో నేనే ఒక గోడ కట్టాననిపించేది.

ఒకరోజు లైటు మెడ వదులై వాలిపోతోందంటే బిగించడానికి వెళ్లాను. ఆంటీ బట్టలు మడతపెడుతోంది. అంకుల్ ఆవిణ్ణి కూర్చోమన్నారు. నన్నూ ఉండమన్నారు.

"నేను మాట్లాడేది పరంజా కట్టిన మేస్త్రీతోని."

ఆంటీ లేవబోయింది. ఆ మనిషి ప్రస్తావన వస్తే ఆవిడ తిట్టిపోసి గదిలోంచి వెళ్లిపోయేదట. ప్రమాదం తర్వాత తప్పంతా అతనిదేనని యార్డు వాళ్లు అతన్ని సొంతూరు శ్రీకాకుళం పంపించేశారు.

"కూసో. చెక్క ఇంక బిగించలేదు, ఎక్కొద్దని ఆయన చెప్పిండు. నాకు తొందర. ఎక్కిన. దవాఖానల మాట తిరిగినంక గూడ చెప్పలేదు. నువ్వు ఆయన్ని తిడ్తుంటే విన్న. మూడేండ్లు విన్న."

మొదటిసారి ఊళ్లో ఫోన్ బూత్‌కు చేస్తే మేస్త్రీ రాలేదట. రెండోసారి వచ్చాడు కానీ మాట్లాడలేదు. మూడోసారి ఏడ్చాడట. తప్పు తనదేనని అంకుల్ పుల్లతో ఒక్కో అక్షరం నొక్కి యార్డుకు ఉత్తరం రాశారు. నాకు తెలిసి దానికి జవాబు రాలేదు.

ఆంటీ మడతపెట్టిన బట్టలన్నీ మళ్లీ విప్పి మడతపెట్టింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మూడు వారాలకు మళ్లీ పిలిచారు. ఈసారి టేపు ఊడిందట. నేను చుట్టడం అయ్యాక అంకుల్ మీట నొక్కారు, కాసేపు మాట్లాడారు, ఆ తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఆంటీ వచ్చి, నడుం వంచి, లైటు మెడకు చెవి ఆనించింది.

"నేను ఆయన భార్యను," అంది చివరికి. "అన్నం తిన్నవా అన్నా?"

అవతల ఏమన్నాడో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. భయపడిన తేదీ వచ్చింది, కంప్యూటర్లకు ఏమీ కాలేదు, మా కాంట్రాక్టులు అయిపోయాయి. నాకు ఇంకో పని దొరికి సింగపూర్‌లోనే సెంబవాంగ్ వైపు మారాను. కొన్నాళ్లు ఆదివారాలు వాళ్లింటికి రైలెక్కి వెళ్లొచ్చాను. తర్వాత మెల్లగా మానేశాను. గొడవేం లేదు. ఒంట్లో ఓపిక లేకపోయింది, అంతే.