ఫిజీ రేడియో చెప్పేదాకా

ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండటంతో నేను కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లోనే ఆగిపోయాను. మా ఆయన, తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఫిజీ వెళ్లారు. అక్కడ దిగగానే సిమ్ కొనమన్నాను. "రిసార్ట్‌లో వైఫై ఉందిగా, వాట్సాప్ చాలదా?" అన్నాడాయన. సరేనని తలూపాను. తర్వాత అందుకు నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

మూడోరోజు అక్కడ తుఫాను. వాళ్లున్నది పడవలో వెళ్లాల్సిన చిన్న దీవి. నా మెసేజ్‌లన్నీ ఒక్క టిక్ దగ్గరే ఆగిపోయాయి. మా అమ్మాయికి నీళ్లంటే బొత్తిగా భయం లేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో మెసేజ్ పంపేదాన్ని.

శనివారం పొద్దున్నే కిచెన్‌లో లాప్‌టాప్ తెరిచి, ఇంటర్నెట్‌లో అక్కడి భారతీయుల కోసం నడిచే ఫిజీ హిందీ రేడియో పెట్టుకున్నాను. నాకొచ్చిన హైదరాబాద్ హిందీకి సగమే అర్థమైంది. మధ్యమధ్యలో పాటలు వేస్తుంటే ఒళ్లు మండింది. పక్కన పెట్టుకున్న ఫోన్ ఒక్కసారీ మోగలేదు.

పక్కింటి అక్క వచ్చి చాయ్ పెట్టింది. "ఏం కాదు, ఊకో. ఇంకోసారి రిసార్ట్‌కి ట్రై చెయ్యి" అంది. చేశాను. లైన్ కలవలేదు.

మధ్యాహ్నం పాట ఆపేసి, సెల్ టవర్లు పడిపోయిన దీవుల నుంచి జనం తమవాళ్లకి పంపిన కబుర్లు చదవసాగింది అనౌన్సర్. ఎవరిదో ఇంటి కప్పు ఎగిరిపోయింది, ఎవరిదో పెళ్లి వాయిదా పడింది. ఆ తర్వాత మావాళ్ల రిసార్ట్ పేరు వినపడింది. అందరూ క్షేమం. నేను ఏడ్చేశాను. ఆమె ఇంకా చదువుతోంది: "కాలిఫోర్నియా, శాన్ రామన్‌లో ఉన్న అమ్మకి. నిన్నటి నుంచి రిసార్ట్ శాటిలైట్ ఫోన్‌లో చేస్తున్నాం. ప్లీజ్, ఫోన్ ఎత్తు."

వీసా క్యాన్సిల్ అవుతుందని బెదిరించే దొంగ కాల్స్‌కి భయపడి, ఇక్కడి ఇండియన్లందరిలాగే నేనూ తెలియని నంబర్లు మోగకుండా సెట్టింగ్ పెట్టుకున్నాను. వాయిస్‌మెయిల్ నిండిపోయి ఎన్నాళ్లయిందో తెలియదు. ఫోన్ తెరిస్తే, నేను ఏనాడూ పట్టించుకోని చెత్త నంబర్ల మధ్య ఒకే వింత నంబర్ నుంచి పదకొండు కాల్స్.

ఆ సెట్టింగ్ తీసేశాను. కాసేపటికి ఫోన్ మోగింది.

"అమ్మా, ఆర్ యూ ఓకే?" అంది మా అమ్మాయి. "నువ్వు ఎత్తట్లేదని, నీకేదో అయిందని నాన్న క్రై చేశారు."