ఎత్తిన చెయ్యి

సాలూరు లారీ డ్రైవర్ జగన్నాధం కూతురు సుహాసిని కక్ష పెట్టుకుంటే వదిలే రకం కాదు. పెట్టుకోవలసిన కక్షే అంటాను నేను. సైన్యంలో ఎంపికకు పరుగు పెట్టిన రోజున కిరాణా కొట్టువాళ్ళ పింకీ ఈమె బూట్లు దాచేసింది. సుహాసిని ఉత్త కాళ్ళతో గులకరాళ్ళ మీద పరిగెత్తింది. కాలి గోళ్ళు ఊడాయి గాని నెగ్గింది. పింకీ కూడా నెగ్గింది. ఇద్దరూ మిలటరీ పోలీసు శిక్షణకు ఒకే బ్యాచ్‌లో వెళ్ళారు.

అక్కడ అందరికీ ఒకేసారి పాఠం నడవదు. ఎవరి వేగంలో వారు పని నేర్చుకుని, హవల్దారు ముందు చేసి చూపాలి. నెగ్గినామె వెనకబడిన ఒకరికి నేర్పాలి. నేర్పినామె సరే అంటేనే ఆ పిల్లకు పరీక్ష. ఆ పిల్ల నెగ్గితేనే ఈమెకు తర్వాతి పాఠం. అన్నీ ముందుగా ముగించినామె చివరి కవాతులో మోటారు సైకిల్ మీద బళ్ళ వరసను నడిపిస్తుంది. ఆ బండి మీద తను తండ్రి కంటబడాలని సుహాసిని కోరిక.

కూడలిలో బళ్ళను ఆపే సైగలు ఆమే ముందు నేర్చేసింది. హవల్దారు పింకీని తెచ్చి ఆమెకే అప్పగించాడు. దేవుడున్నాడనుకుంది సుహాసిని.

పింకీని ఎండలో నిలబెట్టింది.

"సెయ్యి వంగింది. మళ్ళీ ఎత్తు."

వంగలేదు. అయినా సరే అనలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పింకీ భుజం వాచింది.

"బూట్లు దాసినాను, తప్పేనే. నీ కసి ఇంకా తీర్లేదేటే?"

"తీర్లేదు. ఎత్తు."

పింకీ ఆగినన్నాళ్ళూ తనూ ఆగిపోతుందన్న సంగతి ఆ కసిలో తట్టలేదు. వెనకున్న పిల్లలు మోటారు సైకిల్ పాఠానికి వెళ్ళిపోవడం చూశాకే తట్టింది. అప్పుడు సరే అంది. పింకీ మొదటిసారికే నెగ్గింది.

కవాతు రోజున మోటారు సైకిల్ మీద వేరే అమ్మాయి ఉంది. సుహాసిని వెనక లారీలో కూర్చుంది. కూడలిలో పింకీ చెయ్యెత్తింది. వరసంతా ఆగిపోయింది.

కవాతయ్యాక జగన్నాధం కూతురి దగ్గరికొచ్చాడు. "కూడల్లో ఆ పిల్ల సెయ్యి సూసావేటే? ఇన్నేళ్ళు లారీ తోలినాను, అలగ ఆపినోల్ని సూళ్ళేదు. ఎవులు నేర్పినారే దానికి?"

సుహాసిని కూడలి వైపు చూడనైనా లేదు.

"నాకేటి తెలుసు నానా" అంది.