పగలడానికి అంటించిన గాజు

వాన వెలిసిన పూట మణియమ్మ ఇంట్లోకి పలచని తెల్లటి వెలుగు వస్తుంది. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు, ఒకే కిటికీ. ఆ వెలుగులో గోడ మీది పగులు నల్ల దారంలా బయటపడుతుంది. కిటికీ మూల పుట్టి, పైకి పాకి, కప్పు మీదికి మలుపు తిరిగి, సరిగ్గా మొగుడు తిరుమలై మంచం మీదికి వచ్చి ఆగింది. ఆగిందో, ఊపిరి తీసుకుంటోందో ఆమెకు తెలియదు. పనికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి దాని కొస ఎక్కడుందో చూసుకుంటుంది, పడుకున్న బిడ్డ కాళ్లు దుప్పట్లోంచి బయటికి వచ్చాయేమోనని చూసినట్టు.

నటేశన్ నగర్ వెనక హౌసింగ్ బోర్డు వాళ్లు కట్టించిన మూడంతస్తుల ఇళ్లలో ఆమెది రెండో అంతస్తు. ముప్పై ఏళ్ల కిందట గుడిసెలు తీసేసి ఈ ఇళ్లు ఇచ్చిన రోజున, తాళంచెవి కొంగున ముడేసుకుని ఈ మెట్లు ఎక్కింది. తాతల కాలంలో పుదుచ్చేరి చేరిన కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, వీధిలో తమిళం. చదవడం వచ్చింది తమిళమే.

ఆమె మొగుడు తిరుమలై కొత్తనార్. ఈ ఊళ్లో తాపీ మేస్త్రీని అట్లాగే పిలుస్తారు. మణియమ్మ అతని దగ్గర సిమెంటు బొచ్చెలు మోసే కూలిగా చేరింది. పూత ఆరాక అతను వెదురు కర్రతో గోడను తట్టి ఆమెకు వినిపించేవాడు. పట్టు ఉన్న చోట ఠంగుమంటుంది. లోపల గాలి దూరిన చోట డొబ్బుమంటుంది. "చూసేది కాదు మే, విను," అనేవాడు. అట్లా వింటూ వింటూనే ఇద్దరికీ పెళ్లయింది.

రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి అతని కుడి పక్క పడిపోయింది. మాట కూడా దానితోనే పోయింది. ఎడమ చేయి మిగిలింది, ఆ చేతిలో పాత వెదురు కర్ర. మేట్టుపాళయంలోని అట్టపెట్టెల కంపెనీలో మణియమ్మకు పని. పొద్దున ఏడుకు పోతే సాయంత్రం ఐదుకు వస్తుంది. మధ్యాహ్నం కింది ఇంటి కన్నియమ్మాళ్ మెట్లెక్కి వచ్చి తిరుమలైకి గంజి పోస్తుంది, పక్కకు తిప్పి పడుకోబెడుతుంది. పూలు కట్టి అమ్ముకునే మనిషి, నోరు పెద్దది. మణియమ్మ సంసారం మొత్తం ఆ ఒక్క గిన్నె గంజి మీద నిలబడి ఉంది.

అక్టోబరు చివర, మొదటి వానల తర్వాత, బోర్డు నుంచి నాగశ్రీ అనే ఇంజనీరు వచ్చింది. యానాం పిల్ల. నీళ్ల ట్యాంకు కింద అందరినీ కూర్చోబెట్టి ముందు తమిళంలో తడబడింది. ఇక్కడ సగం ఇళ్లలో తెలుగేనని తెలిశాక ఆమె ముఖం విప్పారింది.

"కప్పు ఉబ్బిన చోట కింద మంచం వెయ్యకండి. నిన్నటిదాకా తెరుచుకున్న తలుపు ఇవాళ బిగుసుకుంటే వానకి ఉబ్బిందిలే అనుకోకండి, నాకు చెప్పండి. మెట్ల మీద బండ్లూ డ్రమ్ములూ వద్దండి. లేవలేని మనుషులు ఎవరింట్లో ఉన్నా పేరు రాయించండి, ఏదైనా అయితే ముందు వాళ్ల దగ్గరికే వస్తాం. దిగులుగా ఉన్నా చెప్పండి, వినే మనిషి ఉంటారు ఆఫీసులో."

"ఈ పాప తెలుగు విన్నావా మణీ," అంది కన్నియమ్మాళ్, చేతిలో మల్లెలు ఆపకుండా. "ప్రతి మాటకీ ఒక అండి తగిలిస్తాది. మనల్ని తిట్టినా మర్యాదగానే ఉంటాది."

మణియమ్మ నవ్వలేదు. తిరుమలై పేరు రాయించనూ లేదు. రాయిస్తే ఆ పేరు ఏ కాగితం మీదికి ఎక్కుతుందో, ఆ కాగితం ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు?

నాగశ్రీ ఇల్లిల్లూ తిరిగింది. పగులు ఉన్న ప్రతి ఇంట్లో దాని మీద అడ్డంగా అరచేతి పొడవు గాజు ముక్క పెట్టి, రెండు కొసలా సిమెంటుతో అంటించి, నల్ల పెన్నుతో తేదీ వేసింది.

"గోడ కదిలితే ఇది పగులుతుంది పిన్నిగారూ. పగిలిందంటే అదే రోజు ఫోన్ చెయ్యండి. నెలకోసారి నేనే వచ్చి చూస్తాను. మంచం మాత్రం జరపండి."

"యాడికి జరపను పాపా? ఇట్ల జరిపితే తలుపు తెరుచుకోదు. అట్ల జరిపితే బాత్రూముకి దారి లేదు."

నాగశ్రీ గది నాలుగు మూలలూ చూసి, ఏదో రాసుకుని, వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే కన్నియమ్మాళ్ మెట్ల మీద కూర్చుని తేల్చేసింది. "గాజు పగిలిన ఇల్లు ఖాళీ చేయిస్తారంట. కిరుమాంబాక్కం పక్క కొత్త ఇండ్లు లేచిండాయే, ఆడికి తోలేస్తారంట."

"ఎవరు చెప్పినారు అక్కా?"

"ఎవరన్నా చెప్పాల్నా? ఊరికే గాజు పెడతారా? ఇది పరీక్ష మాదిరి. పగిలితే ఫెయిలు."

మణియమ్మ తలలో ఆ మాట మేకులా దిగింది. కిరుమాంబాక్కం కడలూరు రోడ్డున ఎక్కడో ఉంది. అక్కడి నుంచి మేట్టుపాళయం రెండు బస్సులు. అక్కడ మధ్యాహ్నం గంజి పోసే చేయి లేదు. లేవలేని మనిషిని పన్నెండు గంటలు గదిలో పెట్టి తాళం వేసుకుని పోవాలి. లేదా పని మానేయాలి. ఆ రెండింటి మధ్య ఆమె ఆలోచన తాడు మీది బట్టలా కొట్టుకుంది.

నవంబరులో ఒక ఆదివారం, పొద్దున పది గంటలప్పుడు, వాన సన్నగా పడుతోంది. మణియమ్మ చేపలు కడుగుతోంది. గదిలోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది, చలికి ఎవరో పళ్లు కొరికినట్టు. ఆమె చేయి నీళ్లలోనే ఆగిపోయింది. వచ్చి చూస్తే గాజు మధ్యలో వెంట్రుకంత గీత. తిరుమలై దాన్నే చూస్తున్నాడు.

ఫోన్ అలమరలో ఉంది. నంబరున్న కాగితం బియ్యం డబ్బాలో ఉంది. మణియమ్మ రెండింటినీ తాకలేదు. గోడ మీద ఉన్న పెళ్లి ఫోటో దించి, వెనక మేకులు ఊడదీసి, అద్దం తీసి కొంగులో చుట్టుకుని పటాలు కట్టే దుకాణానికి పోయింది. దుకాణంవాడు ఆమె అడిగిన కొలతకు కోసి ఇచ్చాడు. ఇంటికి వచ్చి స్టూలు ఎక్కి, పాత ముక్కను పెళ్లగించి, కొత్తదాన్ని సిమెంటుతో అంటించింది. కొసలు వేలితో ఎంత నున్నగా దిద్దిందంటే, పాతదానికి కొత్తదానికి తేడా దేవుడికి కూడా తెలియదు. పాత తేదీనే చూసి, అంకెలు ఒక్కొక్కటీ గీసింది.

దిగి చూస్తే తిరుమలై ముఖం అటు తిప్పుకుని ఉన్నాడు. ఆ పని నేర్పింది అతనే.

"నీ కోసమే కదా," అంది ఆమె. అతను తిరగలేదు.

మర్నాటి నుంచి కర్ర చప్పుడు మొదలైంది. టక్. టక్. మంచం పక్క గోడ మీద, చేయి అందినంత ఎత్తున. ఆమె నీళ్లు తెచ్చింది. అతను తల ఊపాడు, వద్దని. పక్కకు తిప్పింది. వద్దన్నాడు. మళ్లీ టక్. తలవైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి, రెండింటి మధ్యా ఆమె ముఖంలోకి ఒక చూపు.

"ఏంది నీకు? ఆకలా? దోమలా? నోరు లేదని కర్రతో సతాయిస్తాండావా?"

కన్నియమ్మాళ్ కూడా చెప్పింది. "గంజి పోసేటప్పుడు కూడా తడతానే ఉండాడు మే. నా తల మీద తట్టకపోతే చాలు."

కంపెనీలో అట్టపెట్టెలు మడుస్తున్నప్పుడు ఆ చప్పుడు ఆమె చెవిలో నడిచేది. పెట్టె మూత పడ్డ ప్రతిసారీ తల ఎత్తి చూసేది. ఇంటికి వస్తూ వీధి మలుపు తిరగ్గానే ముందు తన బ్లాకు నిలబడి ఉందా అని చూసేది. నిలబడి ఉంటే సిగ్గుపడేది. వారం తర్వాత ఒక పొద్దున, పనికి పోతూ పోతూ, అతని చేతిలోంచి కర్ర లాగేసి వంటింటి మూల పెట్టింది. అతని వేళ్లు ఖాళీగా దుప్పటి మీద తెరుచుకుని ఉండిపోయాయి. బస్సులో ఉన్నంతసేపూ ఆ వేళ్లే కనిపించాయి.

డిసెంబరు మొదట్లో నాగశ్రీ వచ్చింది. మణియమ్మ ఆ రోజు సెలవు పెట్టింది. గది తుడిచి, కాఫీ పెట్టి, గాజును తడిగుడ్డతో ఒకసారి తుడిచి కూర్చుంది.

నాగశ్రీ టార్చి వేసి గాజును దగ్గరగా చూసింది. "పగల్లేదండి. మంచిదే. ఈ బ్లాకులో ఒక్కటి కూడా పగల్లేదు, నాకే ఆశ్చర్యంగా ఉంది." ఫైలు తీసి, కదలిక లేదని రాసి, కింద సంతకం పెట్టబోయింది.

కావాలనుకున్నది అదే. ఆ సంతకం పడితే ఇల్లు ఉంటుంది, మెట్లు ఉంటాయి, గంజి ఉంటుంది.

టక్. తిరుమలై. కర్ర లేదు కాబట్టి వేలి కణుపుతో కొట్టాడు. తలవైపు గోడ మీద ఒకసారి. చేయి సాచి కిటికీ వైపు గోడ మీద ఇంకోసారి.

"ఏం కావాలండి బాబాయిగారికి?"

"నీళ్లకి," అంది మణియమ్మ. అనేశాక తన నోటి మాట తనకే వినిపించింది. దాని వెనకే ఆ చప్పుడూ వినిపించింది. తలవైపు ఠంగ్. కిటికీ వైపు డొబ్. కర్ర లాగేసేదాకా వారమంతా విన్నది అదే. నీళ్లు అడిగే మనిషి గోడ మీద రెండు చోట్ల ఎందుకు తడతాడు? ముప్పై ఐదేళ్ల కిందట, పచ్చి సిమెంటు వాసనలో, తట్టి తట్టి వినిపించిన చేయే అది. ఆమె చెవి మరిచిపోలేదు. ఆమే చెవిని నోరు మూసుకోమంది.

"పాపా, రాయొద్దు," అంది.

నాగశ్రీ పెన్ను ఆపింది.

"ఆ గాజు మీది కాదు. మా పెళ్లి ఫోటోది. మీది పగిలి మూడు వారాలాయె. నేనే మార్చినా. మమ్మల్ని కిరుమాంబాక్కం తోలేస్తారంటే భయపడితిని. ఆయన్ని చూసేవాళ్లు ఆడ ఎవరూ లేరు. ఆయన అప్పుటి నించీ చెప్తానే ఉండాడు, ఇది డొల్లని. నేనే నీళ్లకంటిని."

నాగశ్రీ సంచిలోంచి చిన్న సుత్తి తీసి, తిరుమలై తట్టిన చోట తట్టింది. వింది. ఇంకొంచెం పైన తట్టింది. అప్పుడు తల తిప్పి అతన్ని చూసింది, తన పనివాణ్ణి చూసినట్టు.

"ముందు మంచం లాగుదాం పిన్నిగారూ. తలుపు ఎలా ఉన్నా సరే."

ఇద్దరూ చెరో పక్క పట్టి మంచాన్ని వంటింటి గుమ్మం దాకా లాగారు. నాగశ్రీ వంటింటి మూలనున్న వెదురు కర్ర అందుకుని, దూరంగా నిలబడి కప్పును మెల్లగా ముట్టుకుంది. గట్టిగా కూడా కాదు. కంచమంత పెచ్చు ఊడి, ఇంతకు ముందు తిరుమలై మోకాళ్లున్న చోట నేల మీద పడింది. వెనకే తుప్పు పట్టిన ఇనుప చువ్వ బయటికి వచ్చింది. సున్నపు పొడి వెలుగులో చాలాసేపు తేలింది. మణియమ్మ గుమ్మం మీదే కూర్చుండిపోయింది.

"గాజు పగిలితే మీ తప్పు కాదండి," అంది నాగశ్రీ, ఆమె పక్కన కూర్చుని. "పగలడానికే అంటించాను. ఇల్లు బాగుచేసినన్నాళ్లు ఈ కాంపౌండులోనే ఉండొచ్చు, కింద మీటింగు హాలు ఖాళీగా ఉంది. ఆ ముక్క మొదటి రోజే చెప్పాల్సింది నేను. గాజు సంగతి చెప్పాను గానీ, ఇల్లు సంగతి చెప్పలేదు."

"నోటి మాటా?"

"కాదండి. రాసి ఇస్తాను."

"తమిళంలో రాయి పాపా. నేను చదివేట్టు. ఇంటి నంబరు కూడా వెయ్యి."

ఆ మధ్యాహ్నమే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు తిరుమలైని మెట్లు దించారు. కన్నియమ్మాళ్ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"నువ్వు బాగానే దిగినావు మణీ. ఇంక మా అందరి కొంపలూ సుత్తితో కొడతారు." కోపంగా వెళ్లిపోయింది. కాసేపటికి తిరిగి వచ్చి, తమలపాకుల సంచిలోంచి కాగితంలో చుట్టిన గాజు ముక్కలు రెండు తీసి, మణియమ్మ ఒళ్లో పెట్టింది. "నాది పోయిన నెలే పగిలింది, నేనూ మార్చినా. ఆ పాపకి నువ్వే చెప్పు. ఆ అండి ముందర నాకు మాట రాదు."

హాలు పెద్దది, చల్లగా ఉంది. నలభై మంది పట్టే ఖాళీలో వాళ్ల మూటలు చిన్నగా కనిపించాయి. మణియమ్మ నాగశ్రీ రాసిచ్చిన కాగితాన్ని మూడోసారి చదివింది. మూడు నెలలు, అని ఉంది. ఇంటి నంబరు ఉంది. మూడు నెలలు నాలుగవుతాయా, తన తలుపుకు మళ్లీ తన తాళంచెవే పడుతుందా, కాగితం చెప్పలేదు. మడిచి, అద్దం లేని పెళ్లి ఫోటో వెనక దాచింది.

తర్వాత వెదురు కర్ర తెచ్చి తిరుమలై ఎడమ చేతిలో పెట్టింది.

అతను దాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. తలవైపు గోడను తట్టాడు. ఠంగ్. చేయి సాచి పక్క గోడను తట్టాడు. మణియమ్మ అతనితో పాటు తనూ తల వంచి వింది. ఠంగ్. ఇంకో చోట చూపించాడు, అక్కడికి అతని చేయి అందదు. ఆమె లేచి వెళ్లి తన వేలి కణుపుతో తట్టింది. ఠంగ్.

అతను కళ్లు మూసుకున్నాడు. మెట్ల మీద కన్నియమ్మాళ్ గంజి గిన్నెతో, ఈ పెద్ద హాలు ఎవరు ఊడుస్తారని సణుగుతూ వస్తోంది.