నరసమ్మ వైపు కుళాయి

బంటింగ్ ఊళ్ళో తోటల ఎస్టేటు మూతపడ్డాక కట్టిన వరసఇళ్ళలో చివరిది గుణవతిది. చివరిది కాబట్టి పక్కన కాస్త పెరడు దక్కింది. భర్తలిద్దరూ పోయాక ఆమె, తోడికోడలు నరసమ్మ ఆ ఇంట్లోనే ఒకే పొయ్యి మీద బతుకుతున్నారు. వంట గుణవతిది, మొక్కలకు నీళ్ళు నరసమ్మవి. ఎవరూ చెప్పుకోకుండానే అలా కుదిరిపోయింది.

ఆ ఏడాది మిరప మొక్కలు వరసగా పసుపుబారి వాలిపోయాయి. ఒకటి పీకి చూస్తే వేరు కుళ్ళిపోయి ఉంది. వానల వల్లేలే అనుకుంది గుణవతి. మర్నాడు వంటింటి కిటికీలోంచి చూస్తే సంగతి తెలిసింది. నరసమ్మ గొట్టంతో పెరడంతా తడిపి, లోపలికొచ్చి టీ తాగి, చెంగు దోపుకుని మళ్ళీ గొట్టం అందుకుంది.

"అక్కా, ఇందాకే పోసినావు కదా."

"నానెప్పుడు పోసినాను? నేల ఎండిపోనాది, సూడు."

నేల మీద నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి.

గొట్టం దాచేద్దామా అనుకుంది. పొద్దున్నే లేచి చేయడానికి ఆ పనీ లేకపోతే అక్క ఏమైపోతుందోనని మానుకుంది. ఆదివారం మేనల్లుడు ప్రకాశ్‌ను పిలిచింది. అతను ఫ్యాక్టరీలో పైపుల పని చేస్తాడు.

"పెరడు మూడు బాగాలు సెయ్యాల. దేని నీల్లు దానికే పోవాల."

"ఎందుకత్తా? ఒక్క టైమర్ పెడితే సాలు కదా."

"టైమర్ పెడితే మీ పెద్దత్తకి పనేటుంటాది?"

మిరప, వంగ ఒక భాగం. ఎక్కువ తడి ఓర్వని మల్లె, కరివేప ఇంకో భాగం. ఆ రెంటి కుళాయిలూ వంటింటి గుమ్మం లోపల బిగించాడు ప్రకాశ్. వెనక పల్లంలో అరటి, చేమ ఉన్నాయి. వాటికి ఎంత పోసినా మిగిలింది మురుగుకాలువలోకి పోతుంది. ఆ కుళాయీ గొట్టమూ నరసమ్మకు వదిలారు.

పైపులకు తవ్విన కాలవలు చూస్తూ నరసమ్మ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

"ఏటే గుణా, నన్ను ఏరు పెట్టేస్తన్నావా?"

"లేదక్కా. అరిటి నీ సేతికే బాగా కాస్తాది."

ఆ అబద్ధం చెప్పి గుణవతి అక్క కంచం ముందుకు జరిపింది. కొన్నాళ్ళకు మిరప తేరుకుంది. అరటి గెల వేసింది.

ఒక సాయంత్రం ఇద్దరూ చేమాకులు కోస్తున్నారు.

"ఎన్నిసార్లు పోసినా ఇవి సావవు," అంది నరసమ్మ. "అందుకే నాకిచ్చినావు కదా."

గుణవతి కోసిన ఆకులు కింద పెట్టింది. "కోపమా అక్కా?"

"కోపమెందుకు. మరిసిపోతన్నానని నాకూ తెలుసు. నువ్వు సూసినావని తెలీదు. సెప్పుంటే బాగుణ్ణు, అంతే."

ఆనాటి నుంచి గుణవతి చెబుతోంది, కిటికీ దగ్గర నిలబడి, మామూలు మాటలాగే: "ఇది రెండోసారి, అక్కా."

"అలాగా," అంటుంది నరసమ్మ. కొన్ని రోజులు గొట్టం కింద పెట్టేస్తుంది. కొన్ని రోజులు పెట్టదు.