ఆ గొంతు నాది కాదండీ

మొన్న సోమవారం పొద్దున శివుడికి అభిషేకం చేసుకుని తీర్థం తీసుకోబోతుండగా కింది వాటా అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, మన డబ్బింగ్ పిన్ని నిద్రలనే పోయిందంట" అన్నది. తీర్థం చేతిలోనే ఉండిపోయింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్లలోనే పిన్నిగారు చేసిన గొడవలన్నీ గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. పోయినవాళ్లను తలచుకుని నవ్వడం తప్పేమో నాకు తెలియదు. ఆవిడ ఉంటే మాత్రం తప్పు కాదనేవారు.

మీరు ఆమెను చూసి ఉండరు. విని మాత్రం ఉంటారు. సినిమా వాళ్లంతా మద్రాసు వదిలి హైదరాబాదు వస్తున్న రోజుల్లో ఆమె కూడా వచ్చి కృష్ణానగర్‌లో మా పక్క పోర్షన్‌లో దిగారు. వాళ్లది తెనాలి వైపు, మాది ఇక్కడే రహమత్ నగర్. చుట్టరికం ఏమీ లేదు. హీరోయిన్లకూ, గయ్యాళి అత్తలకూ, ఏడ్చే పసిపిల్లలకూ ఆమే గొంతు ఇచ్చేవారు. నోట్లో ఎప్పుడూ పటికబెల్లం ముక్క ఉండేది. ఎండాకాలంలో కూడా చల్లని నీళ్లు ముట్టేవారు కాదు. టీవీ ముందు కళ్లు మూసుకుని కూర్చునేవారు.

"కండ్లు మూసుకుంటే ఏం కనవడ్తది పిన్నిగారు?" అని అడిగితే, "మొహాలు ఎవరైనా చూస్తారే పిల్లా. నేను మనుషుల్ని చూస్తున్నా" అనేవారు.

నాకు ఆమె చేసిన మేలు గురించి చెప్పాలి.

మా ఆయన అప్పట్లో ఒక సినిమా కంపెనీ కారు నడిపేవారు. కొత్త సినిమా పూజ ఫిల్మ్ నగర్ గుళ్లో జరిగింది. ప్రసాదం వడ్డించడానికి నేనూ వెళ్లాను. ఆఫీసుకు కొత్త సెల్‌ఫోను కనెక్షన్ తీసుకోవాలి. ప్రొడక్షన్ మేనేజరు, "మీ ఆవిడ పేరులో లక్ష్మి ఉంది కదయ్యా! ఫోను ఆమె పేరు మీద తీసుకుంటే సినిమాకి మంచిది" అన్నాడు. సినిమా వాళ్ల సెంటిమెంటు మీకు తెలిసిందే. నేనైతే పొంగిపోయాను. దేవుడి ముందు అడిగారు కదా అని అక్కడే సంతకం పెట్టి, ఓటరు కార్డు జిరాక్సు ఇచ్చాను.

సినిమా సగంలో ఆగిపోయింది. ఆఫీసు ఖాళీ చేశారు. అంతవరకూ వచ్చిన బిల్లు మేనేజరు కట్టేశాడు. సెల్లు ఆఫీసు వాళ్ల దగ్గరే ఉండిపోయింది కానీ, ఇక కనెక్షన్ తీసేయమని నేనే వెళ్లి ఫోను కంపెనీ దుకాణంలో రాసిచ్చి వచ్చాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. హైటెక్ సిటీ చుట్టూ అద్దాల మేడలు లేస్తున్న కాలం అది. ఉద్యోగుల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లడానికి కంపెనీలకు కార్లు కావాలి. సొంత కారు తెస్తే పెట్టుకుంటామని ఒక కంపెనీ మా ఆయనకు మాటిచ్చింది. దసరాలోపు తేవాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. బ్యాంకు లోనుకు ఇద్దరం సంతకాలు పెట్టాం. నా పేరు చూసి వద్దన్నారు. నేను ఫోను బిల్లు ఎగ్గొట్టానట. బ్యాంకులన్నీ చూసుకునే రికార్డులో నా పేరు మీద మచ్చ ఉందట.

జీవితంలో ఎవరి పైసా ఉంచుకోనిదాన్ని. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు ఫోను కంపెనీకి ఫోన్ చేశాను. నా మాట నాకే వినపడదని మా ఇంట్లో వెక్కిరిస్తారు. అవతలి అమ్మాయి "హలో, హలో" అని విసుక్కుని పెట్టేసింది. మళ్లీ చేశాను. మళ్లీ పెట్టేసింది.

గోడ అవతల నుంచి పిన్నిగారు పరిగెత్తుకొచ్చారు. "ఇటివ్వు! నీ గొంతు నేను తెచ్చేస్తా" అని ఫోను లాక్కుని, అచ్చం నా గొంతుతోనే, కాకపోతే కాస్త పైకి వినపడేలా, "అమ్మా, నేను లచ్చిమిని మాట్లాడుతున్న" అన్నారు. స్నానాల గదిలోంచి మా ఆయన, "ఏమైందే, ఎందుకు పిలుస్తున్నవ్?" అని అరిచారు.

నేను చప్పున ఫోను లాక్కుని పెట్టేశాను. "అద్దు పిన్నిగారు, అబద్ధం అయితది. నేనే మాట్లాడ్త."

"అబద్ధం ఆడే కదే ఇన్నాళ్లూ కూడు తిన్నాను!" అని పకపకా నవ్వారు. "సరే, నువ్వే మాట్లాడు. కానీ మాట్లాడటం నేర్పుతా."

ఇక చూడండి మా ఇల్లు! డబ్బింగ్ థియేటర్ అయిపోయింది. కుక్కరు పొయ్యి మీద పెట్టించి, దాని కూత కంటే నా మాట పైకి వినపడాలన్నారు. "గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి! నువ్వు బతిమాలడానికి పోవట్లేదు, నిలదీయడానికి పోతున్నావ్!" మా ఆయన తలుపు చాటు నుంచి, "పిన్నిగారు, జర మెల్లగ నేర్పుండ్రి. పెండ్లయినంక ఒక్కసారి గూడ గట్ల అరవలేదు. నేర్చుకున్నంక నా గతేంది?" అన్నారు. మూడో కూతకు నా అరుపు విని ఎదురింటి వాళ్లు కిటికీ తీశారు. పిన్నిగారు చప్పట్లు కొట్టారు. నాకూ హుషారొచ్చింది.

జూబ్లీహిల్స్‌లో ఫోను కంపెనీ పెద్దాఫీసుకు ఇద్దరం ఆటోలో వెళ్లాం. దారి పొడుగునా పొట్టలోంచి ఊపిరి తీస్తూనే ఉన్నాను. టై కట్టుకున్న కుర్ర మేనేజరు కంప్యూటర్ చూసి, "మేడమ్, మీరే ఫోన్ చేసి కనెక్షన్ తీసేయొద్దు, ఫారిన్ కాల్స్ కూడా పెట్టమన్నారు. మీ వాయిస్ రికార్డింగ్ ఉంది" అని వినిపించాడు.

ఎవరో ఆడమనిషి. గదంతా మారుమోగే గొంతు. "హలో, నేను లక్ష్మిని! ఫోన్ ఎవరు తీసేయమన్నారయ్యా? ఉంచండి! ఫారిన్ కాల్స్ కూడా ఇవ్వండి!"

నాకు ఒళ్లు మండిపోయింది. కుక్కరును మించి అరవడానికి నోరు తెరిచాను. అప్పుడే పిన్నిగారు నా చెయ్యి గట్టిగా గిల్లి చెవిలో అన్నారు: "నేర్పిందంతా మర్చిపో. నీ గొంతుతో మాట్లాడు. ఎప్పటిలాగే."

"సారూ," అన్నాను, "గా గొంతు నాది కాదండీ."

"ఏంటండీ?" అని అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"గా గొంతు నాది కాదు సారూ."

అతను టేబుల్ మీదకు వంగి చెవి నా వైపు పెట్టాడు. మూడోసారి చెప్పబోతుంటే, అలా వంగిన మనిషి ఆగిపోయి నా ముఖం చూశాడు. రికార్డింగ్ మళ్లీ పెట్టాడు. మళ్లీ నన్ను మాట్లాడమన్నాడు. పక్క సీట్ల వాళ్లు కూడా లేచి వచ్చారు. ఒకమ్మాయి, "సార్, ఈవిడ అంత గట్టిగా అరవాలంటే మళ్లీ పుట్టాలి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నమే బిల్లు రద్దు చేశారు. పేరు మీద మచ్చ తీయించేస్తామని బ్యాంకుకు కాగితం రాసిచ్చారు.

మెట్లు దిగుతుంటే అడిగాను, "పిన్నిగారు, గామె ఎవరో మీకు ఎరికేనా?"

ఆవిడ పటికబెల్లం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నారు. "గొంతులు గుర్తుపట్టడం మా పనే పిల్లా. పట్టివ్వడం కాదు." ఇంకో మెట్టు దిగి అన్నారు, "ఆగిపోయిన ఆ సినిమాలో పనిచేసినవాళ్లకి ఎవరికీ డబ్బులు సరిగ్గా ఇవ్వలేదు. పోనీ."

ఆ రోజు నుంచి పూజలో ఆ తెలియని మనిషి కోసం కూడా ఒక పువ్వు పెడుతున్నాను.

నా మెతకదనం దేవుడు చేసిన లోపమని చిన్నప్పటి నుంచీ అనుకునేదాన్ని. "దేవుడు ఎవరి గొంతు వాళ్లకే కుట్టిచ్చాడే. మాలాంటోళ్లం అద్దెకిస్తాం, అంతే" అని పిన్నిగారు ఆటోలో అన్న మాట ఇప్పటికీ నన్ను నిలబెడుతోంది.

దసరాకు ఇంకా వారం ఉండగానే కారు వచ్చింది. గుళ్లో పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, పిన్నిగారిని ముందు సీట్లో కూర్చోబెట్టాం. కృష్ణానగర్ సందు మొదట్లో ఆటోలు, మోటారు సైకిళ్లు అడ్డం. మా ఆయన హారన్ మీద చెయ్యి వేయబోతే ఆవిడ వద్దన్నారు. అద్దం దించి, బంతిపూల దండ పక్కన తల బయటపెట్టి, పద్దెనిమిదేళ్ల హీరోయిన్ గొంతుతో, "జరగండయ్యా! మా లక్ష్మి కారొస్తోంది!" అని ఒక్క కేక పెట్టారు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మగపిల్లలంతా ఆ అందమైన అమ్మాయి ఎక్కడా అని అటూ ఇటూ వెతుకుతున్నారు. వాళ్ల మధ్యలోంచి, గాలికి తెల్లజుట్టు ఎగురుతుండగా, పిన్నిగారు గంభీరంగా ముందుకే చూస్తూ వెళ్లిపోతున్నారు.