జత లేని చీటీ

ఉద్యోగం చివరి ఏళ్ళలో మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో, ఎప్పుడు లాగౌట్ అయ్యారో మిషన్ దానంతటదే రాసి పెట్టుకునేది. ఒక్కొక్కరు మొత్తం ఎంతసేపు కూర్చున్నారో తేల్చే షెల్ స్క్రిప్టు రాయమని కొత్త ఆఫీసరు నాకు పురమాయించాడు. షెల్ స్క్రిప్టు అంటే మరేం లేదు, ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని మిషన్‌కు వరసగా రాసిచ్చే ఆజ్ఞలు. "ఈ వయసులో మీకు కష్టమేమో మేడమ్" అని జాలి కూడా పడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ లెక్క నేను పంతొమ్మిదివందల అరవైల్లోనే, అనకాపల్లిలో, కంప్యూటరన్న మాట వినకముందే రాశాను.

అప్పుడు నేను యలమంచిలి నుంచి పాసింజరులో వచ్చి టైపు నేర్చుకునేదాన్ని. ఇన్‌స్టిట్యూట్ ఒక మేడ మీద ఉండేది. కిందంతా బెల్లం కొట్లు. మేం టైపు కొట్టిన కాగితాలకు కూడా బెల్లం వాసన వేసేది. మిషన్ ముందు చాలినన్ని గంటలు కూర్చున్నవాళ్ళ పేర్లే పరీక్షకు పంపుతానని మా మాస్టారి పట్టు. గంటలు తెలియడానికి ఆయన కింది కొట్లవాళ్ళ పద్ధతే పెట్టారు. కూర్చునేటప్పుడు పేరూ వేళా రాసి ఒక చీటీ, లేచేటప్పుడు ఇంకో చీటీ గోడకున్న ఇనప తీగకు గుచ్చాలి. అందరివీ ఒకే తీగకు. నెలాఖరుకి ఆ దండ విప్పి మాస్టారు ఎన్నిసార్లు లెక్కేస్తే అన్ని జవాబులు వచ్చేవి.

"నువ్వు లెక్కలు బాగా సేత్తావు కదమ్మా, ఓ పద్ధతి రాసిపెట్టు. ఎవలు సేసినా ఒకటే జవాబు రావాల" అన్నారు ఒకరోజు.

రాశాను. ముందు చీటీలు మనిషివారీగా విడదియ్యాలి. వేళ వరసన పేర్చి, కూర్చున్న చీటీకి లేచిన చీటీ జత చెయ్యాలి. తేడా తీసి కూడాలి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ రాస్తున్నంతసేపూ నా కన్నంతా ఒకడి మీదే. బెల్లం వర్తకుడి కొడుకు. కూర్చున్న చీటీ గుచ్చి, మాస్టారు అటు తిరగ్గానే మెట్లు దిగిపోయేవాడు. అడిగితే చివరిదాకా ఉన్నాననేవాడు. వాడి రోగం కుదర్చాలని ఆఖర్న ఒక రూలు రాసి, కింద రెండు గీతలు గీశాను: జత లేని చీటీకి సున్నా.

పేర్లు పంపే రోజున మాస్టారు అందరినీ కూర్చోబెట్టి, నా పద్ధతి ప్రకారం లెక్క చేసి చదివారు. వర్తకుడి కొడుక్కి దాదాపు ఏమీ మిగల్లేదు.

"నాను కూసున్నానండీ. లేసిన సీటీ రాయడం మర్సిపోయేను" అన్నాడు. ఈసారి పరీక్ష రాయకపోతే కొట్లో కూర్చోబెడతానని వాళ్ళ నాన్న చెప్పాడట.

"రాయకపోతే కూర్చోనట్టే" అన్నాను నేను. మహా సంతోషంగా అన్నాను.

తర్వాత నా పేరు వచ్చింది. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఏటమ్మా ఇది, నీకూ సున్నాలే ఉన్నాయి" అన్నారు.

బండి కూత వినబడగానే సగం లైన్లో మిషన్ వదిలి స్టేషనుకు పరుగెత్తేదాన్ని. లేచిన చీటీ రాస్తూ కూర్చుంటే బండి పోయేది. తాను తవ్విన గోతిలో తానే పడడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇంట్లో నాన్నది ఒకటే మాట: ఈసారి పరీక్ష రాస్తే ఉద్యోగం, లేదంటే వేసవిలో పెళ్ళి.

"రూలు మార్సేద్దామా?" అన్నారు మాస్టారు మెల్లగా. మార్చమనాలనే ఉంది. కానీ ఇప్పుడే ఒకడిని అదే రూలుతో కొట్టిన నోరు పెగల్లేదు. ఏడుపొచ్చేసింది.

"మార్సక్కర్లేదండీ" అన్నాడు వర్తకుడి కొడుకు, లేచి నిలబడి. "ఈవిడ రోజూ బండి కూసేదాకా ఇక్కడే ఉంటాది. కూత పడ్డాకే మెట్లు దిగి పరిగెడతాది. రోజూ సూసేను. బండి వేళే ఆవిడ లేసిన సీటీ అనుకోండి."

"నువ్వెక్కడ్నుంచి సూసేవు?"

ఒక్క క్షణం ఆగాడు. "ఎదురు సోడా కొట్టు కాడ్నుంచండీ."

గదంతా గొల్లున నవ్వింది. తొందరలో నోరు జారి దొరికిపోయాడనే అందరూ అనుకున్నారు. నేను అతని ముఖమే చూస్తున్నాను. నోరు జారేవాడు ముందు ఆగడు.

నా పేరు వెళ్ళింది. అతనిది వెళ్ళలేదు. అతన్నే పెళ్ళి చేసుకున్నారా అని ఈ కథ విన్నవాళ్ళంతా అడుగుతారు. లేదు. నాకు ఉద్యోగం వచ్చేదాకా, స్టేషనుకు పోతూ రోజూ వాళ్ళ కొట్టు ముందు నుంచే వెళ్ళేదాన్ని. బెల్లం దిమ్మల మధ్య కూర్చుని, "పరిగెట్టండి, కూసేసింది" అనేవాడు.

ఆఫీసరు అడిగిన స్క్రిప్టు రెండు రోజుల్లో రాసిచ్చాను. నడిపి చూసి, "లాగౌట్ లేనివాళ్ళకి సున్నా వెయ్యలేదేం మేడమ్? పేర్లు విడిగా వస్తున్నాయి" అన్నాడు.

"వాళ్ళ దగ్గరికెళ్ళి అడగాలి బాబూ" అన్నాను. "వాళ్ళు చెప్పకపోతే పక్కవాళ్ళని అడగాలి."